బావగారి 103 కిలోమీటర్లు

ప్రశ్న: నా వయసు 26. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కాలేజీ రోజుల నుంచి పోటీల్లో పరుగెత్తుతున్నాను. 10 కిలోమీటర్లు 34 నిమిషాల 50 సెకన్లలో పూర్తిచేశాను. మా అక్క భర్త, అంటే మా బావగారు, రైస్ మిల్లులో గుమస్తా. ఆయనకు 44 ఏళ్లు. షుగరు వస్తుందేమోనన్న భయంతో నాలుగేళ్ల కిందట కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టి, ఇప్పుడు అల్ట్రా మారథాన్లకు, అంటే 42 కిలోమీటర్ల మారథాన్‌కు మించిన పరుగులకు, వెళ్తున్నారు. ఈ చలికాలంలో ఒక స్టేడియంలో జరిగిన 12 గంటల పరుగులో 103 కిలోమీటర్లు పూర్తిచేశారు. ఊళ్లో సన్మానం చేసి, ‘జిల్లా రికార్డు’ అని ఫ్లెక్సీ కట్టారు. భోజనాల దగ్గర నేను నోరు జారి, ‘కిలోమీటరుకు ఏడు నిమిషాలంటే అది పరుగు కాదు బావగారూ, వడివడి నడక. అసలైన రన్నర్లు అటు రారు కాబట్టి మీకు రికార్డులు మిగులుతున్నాయి’ అన్నాను. ఆయన ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అక్క నాతో సరిగా మాట్లాడటం లేదు. అన్న తీరు తప్పని ఒప్పుకుంటాను. అన్న విషయం కూడా తప్పేనా? 12 గంటలు, 24 గంటలు, ఆరు రోజులు అంటూ ఎవరికి తోచిన కొలత వాళ్లు పెట్టుకునే చోట రికార్డుకు విలువ ఎక్కడిది? సెకన్ల కోసం ఏళ్ల తరబడి కష్టపడే మాలాంటివాళ్లు వాటిని గౌరవించాలా?

జవాబు: అన్న తీరును, అన్న విషయాన్ని మీరే వేరుచేసి అడిగారు. అలా అడగగలిగిన మనిషికి సూటిగా జవాబు చెప్పడం న్యాయం. నేనూ ఒకప్పుడు 5000 మీటర్లు పరుగెత్తినవాణ్ణే. అల్ట్రా పరుగుల వాళ్ల గురించి మీరు బావగారితో అన్న మాటే ఆ రోజుల్లో మా గ్రౌండులో మేమంతా అనుకునేవాళ్లం. మీరు చెప్పినదాంట్లో సగం ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది వేగం గురించి మీరన్న మాట, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

రికార్డుల విలువ తేల్చాలంటే ఆ విద్యలో అందరికంటే పైన ఉన్నవాళ్లు ఏం చేశారో చూడాలి. మీ 10 కిలోమీటర్ల సమయం 34 నిమిషాల 50 సెకన్లు. ఈ డెల్టా ఉక్కపోతలో సాధన చేసి అంత తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. లిథువేనియా దేశస్థుడు అలెక్సాండర్ సొరోకిన్ 2023 మే నెలలో విల్నియస్ నగరంలో 100 కిలోమీటర్లను 6 గంటల 5 నిమిషాల 35 సెకన్లలో పూర్తిచేశాడు. దాన్ని పదితో భాగించండి. ప్రతి 10 కిలోమీటర్లకు 36 నిమిషాల 33 సెకన్లు వస్తుంది. మీ జీవితంలోకెల్లా మంచి రోజున మీరు అతని పక్కన పరుగెత్తి ఉంటే, 10 కిలోమీటర్ల గీత దగ్గర అతనికంటే నిమిషం నలభై మూడు సెకన్లు ముందుండేవారు. మీరు అక్కడ నిలబడి మోకాళ్లు పట్టుకుని రొప్పుతుండగా అతను మిమ్మల్ని దాటి, అదే వేగంతో ఇంకా తొంభై కిలోమీటర్లు వెళ్లాడు.

ఇంకో లెక్క మనవైపు కుర్రాళ్లందరికీ తెలిసినదే. తెల్లవారుజామున ఏ ఊరి గ్రౌండుకు వెళ్లినా కానిస్టేబుల్ ఎంపిక కోసం 1600 మీటర్లు సాధన చేసే పిల్లలు కనిపిస్తారు. మగవాళ్లకు ఎనిమిది నిమిషాలు గడువు; ఆ గడువు అందక గీత దగ్గర కూలబడి ఏడ్చినవాళ్లను నేను చూశాను. సొరోకిన్ 2022 సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు పరుగెత్తాడు. తినడానికీ తాగడానికీ మూత్రానికీ పోయిన సమయమంతా కలుపుకున్నా సగటు కిలోమీటరుకు నాలుగున్నర నిమిషాలు. అంటే 1600 మీటర్లను 7 నిమిషాల 12 సెకన్లలో ముగించి, ఆగకుండా మళ్లీ మొదలుపెట్టి, అలా వరసగా 199 సార్లు పరుగెత్తాక కూడా అతనికి ఇంకో కిలోమీటరు పైచిలుకు మిగిలింది. దూరంగా చెప్పుకుంటే, రాజమహేంద్రవరం నుంచి విజయవాడకు రైలు దారిన వెళ్లి తిరిగి వచ్చినా ఆ దూరం పూర్తి కాదు. దీన్ని నడక అనడానికి నాకు నోరు రాదు. మీకూ రాదని నమ్ముతున్నాను.

అయితే బావగారి ఏడు నిమిషాల సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. ఆ అంకెను మీరు మీ పరుగు కొలతతో చదువుతున్నారు, చిక్కు అక్కడుంది. 10 కిలోమీటర్లలో మిమ్మల్ని ఆపేది ఆయాసం: గుండె, రక్తం కలిసి కండరాలకు ఎంత ప్రాణవాయువు అందించగలవు, కష్టపడే కండరాలు వదిలే లాక్టేటు రక్తంలో పేరుకోకుండా మీరు ఎంత వేగం పట్టుకోగలరు అన్నవే అక్కడ లెక్క. ముప్పై అయిదు నిమిషాల్లో కడుపుకు పనే ఉండదు. ఆరు గంటలు దాటిన పరుగులో ఆయాసం పెద్ద ఇబ్బంది కాదు, పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తవచ్చు. అక్కడ మనిషిని ఆపేవి వేరు. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, రెండు మూడు గంటల్లో అడుగంటుతుంది. ఆ తర్వాత ఒంట్లో కొవ్వును కరిగించుకుంటూ, గంటకు అరవై గ్రాముల వరకూ, అలవాటు చేసుకున్నవాళ్లయితే తొంభై వరకూ పిండిపదార్థం నోటి ద్వారా అందిస్తూ పోవాలి. రక్తమేమో కాళ్లకూ, ఒంటిని చల్లబరిచే పనిలో చర్మానికీ పోతుంటుంది కాబట్టి కడుపు ఆ తిండిని తిప్పికొడుతుంది. నీళ్లు తక్కువైతే ఒక ప్రమాదం, మితిమీరి తాగితే మరో ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాచి మనిషి పడిపోయే స్థితిని దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ 1985లో వివరించింది ఇలాంటి దూరపు పరుగుల వాళ్లలోనే. వీటికి తోడు ప్రతి అడుగుకూ తొడ కండరాల పోగులు కొద్దికొద్దిగా చిట్లుతూ ఉంటాయి. పదో గంటకు కుర్చీలోంచి లేవడమే ఒక పని అవుతుంది. మన డెల్టా వాళ్లకు ఇంకో సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆరాలి, ఇక్కడి తేమ గాలిలో చెమట కారుతుందే గాని ఆరదు.

నా అభిప్రాయం సడలింది పుస్తకాలు చదివి కాదు. కొన్నేళ్ల కిందట ఒక 24 గంటల పరుగులో చుట్లు లెక్కపెట్టే బల్ల దగ్గర రాత్రంతా కూర్చున్నాను. చుట్లు నమోదుచేసే చిప్పులు ఉన్నా, అవి మొరాయిస్తే ఆధారం ఉండాలని చేత్తో కూడా రాసేవాళ్లం. ఒక్కొక్కరికి అయిదారుగురు పరుగువాళ్ల బాధ్యత. మధ్యాహ్నం పన్నెండుకు మొదలైన పరుగు. రాత్రి మూడు దాటాక, యాభై ఏళ్లు నిండి ఉంటాయేమో, నా కాగితం మీదున్న వాళ్లలో ఒకాయన బల్ల పక్కన ఆగారు. స్టీలు గిన్నెలో ఉప్పు ఎక్కువ వేసి జారుగా కలిపిన పెరుగన్నం ఉంది. వేళ్లు బిగుసుకుపోయి చెంచా పట్టుకోవడానికి రాలేదు, ఆయన భార్యే నోట్లో పెట్టారు. రెండు చెంచాలు మింగి, మూడోది ఉమ్మేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వంగి నిలబడ్డారు. ఆయన ఇంక ఇంటికి వెళ్లిపోతారనుకుని నేను పెన్ను కింద పెట్టాను. ఆయన వెళ్లింది ట్రాక్ మీదికి. తెల్లవారాక ఆ కాగితం మళ్లీ చూశాను. ఆగకముందు 400 మీటర్ల చుట్టు 2 నిమిషాల 50 సెకన్లు. ఆగిన చుట్టు ఆరు నిమిషాల చిల్లర. ఆ తర్వాత 2:50, 2:52, 2:49. కిలోమీటరుకు ఏడు నిమిషాలంటే ఇదే. పదహారో గంటలో, అన్నం నిలవని కడుపుతో, మూడు సెకన్ల తేడా లోపల మూడు చుట్లు. నా మంచి రోజుల్లో కూడా 5000 మీటర్ల చివరి చుట్లను నేను అంత నిలకడగా పరుగెత్తలేదు. ఆయన ఆ పోటీలో గెలవలేదు, ఆయన పేరు మీద ఏ రికార్డూ లేదు. ఆ కాగితం మాత్రం నా దగ్గరే దాచుకున్నాను.

‘అసలైన రన్నర్లు అటు రారు’ అన్న మీ రెండో మాటను నేను కొట్టిపారేయను. మారథాన్‌కు ఒలింపిక్ పతకం ఉంది, పెద్ద నగరాల పోటీల్లో బహుమతి సొమ్ము ఉంది. కెన్యాలో, ఇథియోపియాలో పరుగును జీవనోపాధిగా ఎంచుకున్న కుర్రాడు సహజంగానే అటు వెళ్తాడు. 24 గంటల పరుగుకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. లక్షలమంది వడపోతలో నిగ్గుతేలిన రికార్డు, కొద్దిమంది మాత్రమే తలపడిన దూరంలోని రికార్డు ఒకే బరువు తూగవు. 2023లో షికాగోలో కెన్యా రన్నరు కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ పూర్తిచేసినప్పుడు, ఆ సమయం వెనక ఎన్ని దేశాల్లో ఎంతమంది పోటీ ఉందో, అంత పోటీ చూసిన రికార్డు అల్ట్రాలో ఏదీ లేదని నా అభిప్రాయం. దీన్ని అల్ట్రా వాళ్లు కూడా ఒప్పుకోవాలి.

ఒక రికార్డు ఎన్నేళ్లు నిలిచిందన్నది చూసి కూడా మోసపోకూడదు. ఇంగ్లండుకు చెందిన జార్జ్ లిటిల్‌వుడ్ 1888 డిసెంబరులో న్యూయార్క్‌లో ఆరు రోజుల్లో 623 మైళ్లకు పైగా, అంటే దాదాపు 1004 కిలోమీటర్లు వెళ్లాడు. అది 96 ఏళ్లు నిలిచింది. వినగానే ఒళ్లు గగుర్పొడిచే మాటే. కానీ జనం టిక్కెట్టు కొని చూసిన ఆ ఆరు రోజుల పందేలు లిటిల్‌వుడ్ తర్వాత కొద్ది ఏళ్లకే అంతరించిపోయాయి. 1980 ప్రాంతంలో మళ్లీ మొదలైన నాలుగైదేళ్లకే, 1984లో, గ్రీసు దేశస్థుడు యానిస్ కూరోస్ ఆ దూరాన్ని దాటేశాడు. ఆ 96 ఏళ్లలో చాలా ఏళ్లు పోటీయే లేని ఏళ్లు. లిటిల్‌వుడ్ గొప్పతనం ఆ ఆరు రోజుల్లో ఉంది, తర్వాత గడిచిన ఏళ్లలో లేదు.

అదే కూరోస్ 1997 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 24 గంటల్లో 303.506 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఈ సంగతి వేరు. ఆ తర్వాత 24 గంటల పరుగుకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరుగుతూనే ఉన్నాయి, దేశాలు జట్లను పంపుతూనే ఉన్నాయి, అయినా 2021 ఆగస్టులో పోలండ్‌లో సొరోకిన్ 309.399 కిలోమీటర్లు చేసేదాకా దాన్ని ఎవరూ అందుకోలేకపోయారు. పోటీ ఉండి కూడా నిలిచిన 24 ఏళ్లు, పోటీ లేక నిలిచిన 96 ఏళ్లకంటే నాకు ఎక్కువ చెబుతాయి. మన దేశమూ ఈ పోటీల్లో వెనకబడి లేదు. 2022 జూలైలో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన ఆసియా, ఓషియానియా 24 గంటల చాంపియన్‌షిప్‌లో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో అమర్ సింగ్ దేవందా 257 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. తినడం, తాగడం కలుపుకుని సగటు కిలోమీటరుకు అయిదు నిమిషాల ముప్పై అయిదు సెకన్లు.

ఇక వేగం ఉన్నవాళ్లు అటు వెళ్తే ఏమవుతుందన్నది ఊహించాల్సిన పని లేదు, వెళ్లినవాళ్లు ఉన్నారు. జపాన్‌కు చెందిన టొమొయె అబె 1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మారథాన్ కాంస్యం గెలిచిన మనిషి. ఆమె 2000 జూన్‌లో సరోమా సరస్సు దగ్గర 100 కిలోమీటర్లను 6 గంటల 33 నిమిషాల 11 సెకన్లలో పూర్తిచేసింది. రెండు దశాబ్దాలు దాటినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. దక్షిణాఫ్రికా తరఫున టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తిన గెర్డా స్టైన్ 2023లో తన దేశంలోనే జరిగే కామ్రేడ్స్ అనే అల్ట్రా పరుగులో 1989 నాటి మహిళల రికార్డును దాదాపు పది నిమిషాల తేడాతో బద్దలుకొట్టింది. వీళ్లిద్దరూ మీ లెక్కలో ‘అసలైన రన్నర్లే’. కాబట్టి వేగం గలవాళ్లు వెళ్తే రికార్డులు రాలుతాయన్న మీ మాట 50, 100 కిలోమీటర్ల దాకా కొంతవరకు నిజం. 24 గంటలకు వచ్చేసరికి ఆ మాట నిలవదు. కూరోస్ మారథాన్‌లో ప్రపంచ స్థాయి రన్నరు కాదు. సొరోకిన్ అంతకుముందు కయాక్ అనే సన్నని పడవకు తెడ్డు వేసినవాడు, బరువు తగ్గడానికి పరుగు మొదలుపెట్టినవాడు. రాత్రి రెండు గంటలకు కడుపు తిప్పుతున్నప్పుడు 10 కిలోమీటర్ల వేగం ఎవరికీ అన్నం మింగిపెట్టదు.

కొలతల గురించి మీరడిగిన ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే రికార్డుకు గౌరవం పుట్టేది కొలత దగ్గరే. ఎవరికి తోచిన దూరం వాళ్లు పెట్టుకోవచ్చన్నది నిజమే. కానీ పెట్టుకున్నంత మాత్రాన అది రికార్డు కాదు. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మారథాన్‌కు మించిన దూరాల్లో ప్రపంచ రికార్డులు గుర్తించేది 100 కిలోమీటర్లకు, 2022 నుంచి 50 కిలోమీటర్లకు. 24 గంటల పరుగు వంటివాటి రికార్డులను 1984లో ఏర్పడిన ఐఏయూ, అంటే అంతర్జాతీయ అల్ట్రా రన్నర్ల సంఘం, పత్రాలు పరిశీలించి ఆమోదిస్తుంది. రోడ్డు మీద రికార్డు కావాలంటే దారి మొదలు, చివర మధ్య దూరం మొత్తం పరుగులో సగానికి మించకూడదు, పల్లం కిలోమీటరుకు ఒక మీటరు దాటకూడదు. ఈ నిబంధన వల్లనే 2011లో బోస్టన్‌లో కెన్యా రన్నరు జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లు చేసినా, అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా మారథాన్ ముగించినవాడు లేకపోయినా, అది ప్రపంచ రికార్డు కాలేదు. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య 1921 నుంచి సాగుతున్న కామ్రేడ్స్ కూడా అంతే; అక్కడి సమయాలు ఆ దారికి రికార్డులు, ప్రపంచానికి కాదు. 2019లో వియన్నాలో కెన్యా రన్నరు ఎలియుడ్ కిప్చోగె రెండు గంటల లోపు మారథాన్ పూర్తిచేసినా, వేగం పట్టించేవాళ్లు వంతులవారీగా మధ్యలో వచ్చి చేరారు కాబట్టి అది రికార్డుల్లోకి ఎక్కలేదు. 2025 ఆగస్టులో ఇటలీలోని నార్డోలో దక్షిణాఫ్రికా రన్నరు సిబుసిసో కుబెకా 100 కిలోమీటర్లను 5 గంటల 59 నిమిషాల 20 సెకన్లలో ముగించినప్పుడూ, బూట్లు నిబంధనలకు లోబడలేదు కాబట్టి అదే జరిగింది. మారథాన్‌కు ఒక న్యాయం, అల్ట్రాకు ఒక న్యాయం లేదు.

దారి కొలవడం ఎంత పట్టుదలగల పనో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. మావైపు కాలువ గట్టు మీద ఒక పరుగుకు దారి కొలిచినప్పుడు నేను సాయం వెళ్లాను. చాలామంది అనుకున్నట్టు ఫోనూ, చేతి వాచీ దీనికి పనికిరావు. కొబ్బరి చెట్ల కింద వాటికి సంకేతం చెదిరి, నిలబడ్డ మనిషికి కూడా కొన్ని మీటర్లు కలుపుతాయి. సైకిలు ముందు చక్రం ఇరుసుకు చిన్న లెక్కపెట్టే పరికరం బిగిస్తారు. ముందు ఉక్కు టేపుతో తిన్నని రోడ్డు ముక్కను కొలిచి, దానిమీద సైకిలును నాలుగుసార్లు నడిపి, పరికరం ఎంత తిరిగితే ఎన్ని మీటర్లో తేలుస్తారు. దారి పొడవునా సైకిలు రోడ్డు మధ్యలో పోకూడదు, మలుపు లోపలి అంచుకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో పోవాలి, ఎందుకంటే పరుగువాడు వెళ్లగలిగిన అతి దగ్గరి దారే కొలవాలి. లాకుల దగ్గర గట్టు వంపు తిరిగే చోట మేము మూడుసార్లు వెనక్కి వచ్చి కొలిచాం. పని ముగిశాక మళ్లీ ఆ రోడ్డు ముక్క మీదికే వచ్చి సైకిలును ఇంకో నాలుగుసార్లు నడిపించాలి, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ టైరులో గాలి వేడెక్కి చక్రం ఉబ్బుతుంది, లెక్క మారిపోతుంది. ఇంత చేసినా నమ్మకం చాలక ప్రతి కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు, దారి పొరపాటున కూడా తగ్గకూడదని. 24 గంటల పరుగులో అయితే గడువు ముగిసిన గంట మోగగానే ప్రతి రన్నరూ తన నంబరు ఉన్న గుర్తును తానున్న చోటే కింద పెడతాడు. ఆ ఆఖరి అసంపూర్ణపు చుట్టును విడిగా కొలుస్తారు. సొరోకిన్ దూరంలో దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలు ఉన్నది అందుకే.

ఇలా కొలిచిన రికార్డులు నా గౌరవానికి అర్హమైనవి. ఒంటరిగా ఖండాలు దాటామనీ, ఇన్ని రోజుల్లో ఇంత దూరం వెళ్లామనీ చెప్పుకునే ఘనతల్లో కొన్నింటికి నేను ఇప్పటికీ తల వంచను. దారి ఎవరు కొలిచారు, పక్కన ఎవరున్నారు అని అడిగితే వాహనంలో వెనక వచ్చిన స్నేహితుడు తప్ప సాక్షి ఉండడు. 2023లో బ్రిటన్‌లో 50 మైళ్ల పరుగులో కొంత దూరం కారులో వెళ్లి, మూడో స్థానపు బహుమతి అందుకున్న ఒక రన్నరుపై ఏడాది నిషేధం పడింది. అంతమాత్రాన అల్ట్రా అంతా మోసమనడం కుదరదు, 1980లో బోస్టన్ మారథాన్‌లో గెలిచినట్టు నటించిన మహిళ ఉదంతం మారథాన్ వైపూ ఉంది. మీరు అనుమానించండి. అడగాల్సిన చోట అడగండి. ఆధారం చూపించినప్పుడు మాత్రం ఒప్పుకోండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. ఫ్లెక్సీ మీద ‘జిల్లా రికార్డు’ అన్న మాట తప్పు, ఆ విషయంలో మీ అసహనం న్యాయమైనదే. ఏ సంస్థా నమోదు చేసి, పరిశీలించి, ఆమోదించని దాన్ని రికార్డు అనకూడదు. అలా అనడం వల్ల నిజమైన రికార్డులే చులకన అవుతాయి. కానీ ఆ ఫ్లెక్సీ కట్టించింది బావగారు కాదు, ఊరు. ఆయన పరుగెత్తిన 103 కిలోమీటర్లు ఆయన వ్యక్తిగత అత్యుత్తమం. సరిగ్గా కొలిచిన 400 మీటర్ల ట్రాక్ మీద అవి 257 చుట్లు దాటుతాయి. నిజానికి ఆయన కాళ్లు నడిచింది అంతకంటే ఎక్కువ, ఎందుకంటే పక్కవాళ్లను దాటడానికి రెండో వరసలోకి వెళ్లిన ప్రతిసారీ అదనంగా పడిన దూరాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

మీ ఇద్దరినీ ఒకే త్రాసులో వేయమంటే అదీ చేస్తాను. 10,000 మీటర్ల ట్రాక్ రికార్డు 2020లో ఉగాండాకు చెందిన జాషువా చెప్తెగెయ్ నెలకొల్పిన 26 నిమిషాల 11 సెకన్లు; మీ వేగం దానిలో నూటికి 75. సొరోకిన్ 2022 జనవరిలో 12 గంటల్లో 177 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. బావగారిది దానిలో నూటికి 58. ఆ కొలతన మీరే మెరుగైన రన్నరు, ఇందులో మొహమాటపడాల్సింది లేదు. అయితే మీకు 26 ఏళ్లు, కాలేజీ నుంచి సాధన ఉంది. ఆయన నలభై ఏళ్ల వయసులో, మిల్లులో పద్దులు రాసే ఉద్యోగం చేసుకుంటూ, నడకతో మొదలుపెట్టారు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లను ఈ పరుగు తోసిపుచ్చదనడానికి పాత ఉదాహరణ ఆర్థర్ న్యూటన్. దక్షిణాఫ్రికాలో వ్యవసాయం చేసుకునే ఆయన 38 ఏళ్లు నిండాక సాధన మొదలుపెట్టి, కొద్ది నెలల్లోనే 1922 కామ్రేడ్స్‌లో గెలిచాడు, మొత్తం అయిదుసార్లు గెలిచాడు. బావగారు న్యూటన్ అవుతారని నేననడం లేదు. నాలుగేళ్లలో ఆయన ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో, ఆ దూరాన్ని కొలిచే కన్ను పోటీల్లో పరుగెత్తే మీకు లేకపోతే ఊళ్లో ఇంకెవరికి ఉంటుంది? సన్మానం చేసినవాళ్లకు అది పెద్ద అంకె అని మాత్రమే తెలుసు. అది ఎలా వచ్చిందో అర్థం చేసుకోగలిగిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. ఆయన మౌనంగా లేచిపోయింది అందుకేనేమోనని నా అనుమానం.

మాట భోజనాల దగ్గర జారింది కాబట్టి భోజనాల దగ్గరే, అక్క వింటుండగా, వెనక్కి తీసుకోండి. ఫ్లెక్సీ ఊసు ఆ రోజు ఎత్తకండి. ‘రికార్డు’ అన్న మాట సరికాదని తర్వాత ఎప్పుడైనా, మీరిద్దరే గట్టు మీద నడుస్తున్నప్పుడు చెప్పండి. ఆ మాట ఆయనకూ ఇబ్బందిగానే ఉండి ఉండవచ్చు.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయనతో కలిసి, ఆయన వేగంతోనే, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లి తిరిగి రండి. నలభై కిలోమీటర్లు దాటుతుంది. మొదటి ఇరవై మీకు విసుగ్గా ఉంటుంది, ముందుకు దూకాలనిపిస్తుంది, దూకకండి. చివరి పదిలో ఎవరు ఎవరిని లాక్కొస్తారో చూసుకోండి. ఆయన ఈసారి 12 గంటల పరుగుకు వెళ్లేటప్పుడు సహాయకుడిగా వెంట వెళ్లండి. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండ్లు, బెల్లం ముక్కలు, అరికాళ్లకు రాసుకునే వాజలిన్, ఇంకో రెండు జతల మేజోళ్లు తీసుకెళ్లండి. బొబ్బ చితికితే తుడిచి అంటించడానికి ప్లాస్టరు మీ జేబులోనే ఉండాలి, సంచిలో వెతుక్కునే సమయం ఉండదు. ఆయన అడిగితే తప్ప వేగం గురించి సలహా ఇవ్వకండి, ముఖ్యంగా మొదటి ఎనిమిది గంటలు. పరుగు ముగిశాక నిర్వాహకులను అడిగి ఆయన చుట్ల కాగితం తీసుకుని, పదో గంట, పదకొండో గంట దగ్గర ఆయన చుట్లు ఎన్నేసి సెకన్ల తేడాతో వచ్చాయో మీరే లెక్కవేయండి. ఆ లెక్క చూశాక కూడా మీ అభిప్రాయం మారకపోతే, కారణాలతో సహా మళ్లీ రాయండి.